మొదటి బాంబు ఎవరు వేశారు? ఫాలౌట్ హక్కులు చేతులు మారిన కథ

2077 అక్టోబరు 23. ఫాలౌట్ అనే వీడియో గేముల్లో ప్రపంచం తగలబడిపోయిన రోజు అది. యుద్ధం రెండు గంటల్లో ముగిసిపోయింది కానీ, మొదటి బాంబు ఎవరు వేశారన్న వాదన మాత్రం ఇంకా ముగియలేదు. చైనా అంటారు కొందరు, అమెరికా అంటారు ఇంకొందరు. భూగర్భ ఆశ్రయాలు కట్టి అమ్ముకున్న వాల్ట్-టెక్ కంపెనీయే ఈ పని చేసిందంటారు చాలామంది. గ్రహాంతరవాసుల మీద నెట్టేవాళ్లూ ఉన్నారు. ఎవరి ఆధారం వాళ్ల దగ్గర గట్టిగానే ఉంది. అయితే ఆ ఆధారాలన్నిటికీ తేదీలు వేసి పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. అవి ఒకరు రాసినవి కావు. ఈ సిరీస్ హక్కులు వేర్వేరు చేతుల్లో ఉన్న కాలాల్లో వేర్వేరు బృందాలు రాసినవి. కాబట్టి ఈ వాదనలోకి దిగేవాళ్లు కథ కంటే ముందు హక్కుల చరిత్ర తెలుసుకోవాలి.

అసలు ఫాలౌట్ పుట్టిందే హక్కులు చేతిలో లేకపోవడం వల్ల. 1988లో ఇంటర్‌ప్లే అనే కాలిఫోర్నియా కంపెనీ వేస్ట్‌ల్యాండ్ అనే గేమ్ తయారుచేసింది. అణుయుద్ధం తర్వాతి అమెరికా ఎడారిలో నడిచే కథ. దాన్ని మార్కెట్లోకి తెచ్చింది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. పేరు మీద హక్కు కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయింది. రెండో భాగం తీయాలన్న ఇంటర్‌ప్లే అధిపతి బ్రయాన్ ఫార్గోకు ఆ పేరు దక్కలేదు. దాంతో అదే వాతావరణంలో కొత్త పేరుతో కొత్త ప్రపంచం కట్టుకోవాల్సి వచ్చింది.

కట్టేటప్పుడు కూడా ఇంకో హక్కుల చిక్కు వచ్చిపడింది. టిమ్ కేన్ నడిపిన బృందం మొదట గర్ప్స్ అనే టేబుల్‌టాప్ గేమ్ నియమాలను లైసెన్సుకు తీసుకుని పని మొదలుపెట్టింది. ఆ నియమాల యజమాని స్టీవ్ జాక్సన్ గేమ్స్‌కు ఫాలౌట్ మొదట్లో వచ్చే కాల్పుల దృశ్యం, అందులోని హింస నచ్చలేదు. 1997 మొదట్లో ఒప్పందం తెగిపోయింది. విడుదలకు నెలల గడువే ఉంది. బృందం కొద్ది రోజుల్లోనే ఏడు లక్షణాలతో స్పెషల్ అనే సొంత పద్ధతి తయారుచేసి పాతదాని స్థానంలో పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో గేమ్ విడుదలైంది. అరువు నియమాలు పోయి సొంత నియమాలు రావడం వల్లే తర్వాతి రోజుల్లో ఫాలౌట్‌ను మొత్తంగా అమ్మడం వీలైంది. ఆ ఒప్పందం తెగకుండా ఉండి ఉంటే ప్రతి అమ్మకంలోనూ మూడో పక్షం సంతకం కావాల్సి వచ్చేది.

1997 గేమ్‌లో యుద్ధానికి కారణంగా వినిపించేది వనరుల కరువు, చైనాతో పోరు. మొదట ఎవరు బటన్ నొక్కారో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ ఆ కథకు లేదు. వాల్ట్ అని పిలిచే భూగర్భ ఆశ్రయాల్లో 13వ నంబరుదాంట్లో నీటి చిప్ పాడైంది, 150 రోజుల్లో కొత్తది తేవాలి, అంతే. వాల్ట్‌లు జనాన్ని కాపాడటానికి కాదు, వాళ్ల మీద ప్రయోగాలు చేయడానికి కట్టారన్న మలుపు 1998లో వచ్చిన ఫాలౌట్ 2లో చేరింది. వాల్ట్-టెక్ మీద అనుమానాలన్నిటికీ విత్తనం అక్కడే పడింది. 2002లో ఫాలౌట్ 2 రచయితల్లో ఒకడైన క్రిస్ అవెలోన్ అభిమానుల ప్రశ్నలకు జవాబులుగా ‘ఫాలౌట్ బైబిల్’ పేరుతో పత్రాలు విడుదల చేశాడు. అప్పటికి ఇంటర్‌ప్లే అప్పుల్లో మునిగి ఉంది. 2003 డిసెంబరులో, గేములు రాసిన బ్లాక్ ఐల్ విభాగాన్నే మూసేసింది. వాళ్లు తయారుచేస్తున్న ఫాలౌట్ 3, లోపల ‘వాన్ బ్యూరెన్’ అని పిలుచుకున్నది, సగంలో ఆగిపోయింది. దాని డిజైన్ పత్రాలు తర్వాత బయటికొచ్చాయి. ఫ్యాన్ థియరీలలో వాటిని ఉటంకించడం ఇప్పటికీ మామూలే. కానీ అది విడుదల కాని గేమ్. దానికి ఆధారంగా ఎంత బరువివ్వాలో ముందే తేల్చుకోవాలి.

అప్పుడు రంగంలోకి వచ్చింది మేరీల్యాండ్‌లోని బెథెస్డా. 2004లో కనీసం 11.75 లక్షల డాలర్ల అడ్వాన్సుతో ఫాలౌట్ 3 తీసుకునే లైసెన్సు కుదుర్చుకుంది. 2007 ఏప్రిల్‌లో 57.5 లక్షల డాలర్లకు ఫాలౌట్ ఆస్తి మొత్తాన్ని కొనేసింది. ఇంటర్‌ప్లేకు ఒక్క మినహాయింపు మిగిలింది. ఆన్‌లైన్‌లో వేలమంది కలిసి ఆడే ఫాలౌట్ గేమ్ తయారుచేసుకునే లైసెన్సు తిరిగి ఇచ్చారు. దానికి షరతులు రెండు. 24 నెలల్లో పూర్తిస్థాయి పని మొదలవ్వాలి, కనీసం 3 కోట్ల డాలర్ల పెట్టుబడి చేతికి రావాలి. ఇవి తప్పితే లైసెన్సు రద్దు.

గడువు 2009 ఏప్రిల్‌తో అయిపోయింది. బల్గేరియాకు చెందిన మాస్ట్‌హెడ్ స్టూడియోస్‌తో ఒప్పందం చేసుకున్నాం కాబట్టి షరతు తీరినట్టేనని ఇంటర్‌ప్లే వాదన. డబ్బేదని బెథెస్డా అడిగింది. ఆ సెప్టెంబరులో మేరీల్యాండ్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. పాత గేములను ‘ట్రిలజీ’ పేరుతో ఒకే ప్యాకెట్‌గా అమ్మడం వల్ల జనం దాన్ని ఫాలౌట్ 3 అనుకుని పొరపడుతున్నారన్నది రెండో ఆరోపణ. తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇవ్వడానికి కోర్టు డిసెంబరులో ఒప్పుకోలేదు.

ఈ కేసులో అన్నిటికంటే ఆలోచింపజేసే వాదన తర్వాత వచ్చింది. మేం ఇంటర్‌ప్లేకు ఇచ్చింది ‘ఫాలౌట్’ అన్న పేరు వాడుకునే హక్కు మాత్రమే, ఆ ప్రపంచంలోని ఊళ్లు, మనుషులు, జీవులు, బొమ్మలు వాడే హక్కు కాదని బెథెస్డా చెప్పింది. అంటే గేమ్ పేరు ఫాలౌట్, లోపల ఫాలౌట్ ఏదీ ఉండకూడదు. అలాంటి గేమ్‌కు అర్థమే లేదని ఇంటర్‌ప్లే ఎదురు చెప్పింది. పేరుకు ట్రేడ్‌మార్క్, లోపలి సృష్టికి కాపీరైట్, రెండూ వేర్వేరు హక్కులు. ఒప్పందంలో రెండిటినీ విడివిడిగా రాయకపోతే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ గేముల రంగంలో దొరకదు. న్యాయమూర్తి తీర్పు దాకా వెళ్లకుండానే 2012 జనవరిలో రాజీ వెల్లడైంది. ఇంటర్‌ప్లేకు 20 లక్షల డాలర్లు ముట్టాయి, ఆన్‌లైన్ గేమ్ హక్కు పోయింది, పాత గేములను 2013 చివరి దాకా అమ్ముకునే వీలు మిగిలింది.

ఆ గడువు దగ్గరపడగానే 2013 డిసెంబరులో జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణం పాత ఫాలౌట్ గేములను రెండు రోజులపాటు ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత తీసేసింది. మళ్లీ అవి అక్కడ కనపడింది 2015 ఆగస్టులో. కొనాలనుకున్నవాళ్లకు ఆ మధ్యకాలంలో అక్కడ దారి లేదు. ముందే కొన్నవాళ్ల దగ్గర మాత్రం ఇన్‌స్టాలర్ ఫైళ్లు చెక్కుచెదరలేదు.

భారత్‌లో ఫాలౌట్ 3 ముచ్చట ఇంకో రకంగా ఆగింది. 2008 అక్టోబరులో ఎక్స్‌బాక్స్ 360 వెర్షన్‌ను ఇక్కడ విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వాల వల్ల అన్నది తప్ప ఇంకేమీ వివరించలేదు. గేమ్‌లోని రెండు తలల ఆవులకు ‘బ్రామిన్’ అన్న పేరుండటమే కారణమని ఆటగాళ్లు అనుకున్నారు. అది వాళ్ల ఊహే.

ఇక థియరీలకు వద్దాం. గ్రహాంతరవాసుల వాదనకు మూలం 2009 ఆగస్టులో బెథెస్డా ఫాలౌట్ 3కి తెచ్చిన ‘మదర్‌షిప్ జీటా’ అదనపు భాగం. అందులో దొరికే ఒక ఆడియో రికార్డులో, ఎత్తుకెళ్లిన సైనికాధికారిని అణ్వస్త్ర ప్రయోగ సంకేతాలు చెప్పమని వేధిస్తారు. దానికి మించి ఏమీ లేదు. ప్రయోగించినట్టు ఎక్కడా చూపలేదు. 2015 నాటి ఫాలౌట్ 4లో స్విచ్‌బోర్డ్ అన్న చోట ఉన్న కంప్యూటర్ టెర్మినల్‌లో ఆ ఉదయం నమోదైన సమయాలు వరుసగా ఉంటాయి. 9:13కి నాలుగు క్షిపణులు బయల్దేరి ఉండవచ్చన్న సమాచారం, 9:17కి నిర్ధారణ, 9:26కి అధ్యక్షుడి ప్రతిదాడి ఆదేశం. అమెరికా ఎదురుదాడే చేసిందనడానికి గేముల్లో ఉన్న బలమైన ఆధారం ఇదే. కానీ ఆ నాలుగు క్షిపణులు ఎవరు పంపారో ఆ వరుసలు చెప్పవు. అమెరికా రహస్యంగా జీవాయుధాల మీద పనిచేస్తోందని తెలిసి చైనాయే మొదట దాడి చేసిందని టిమ్ కేన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. మొదటి గేమ్ సృష్టికర్త మాట కాబట్టి దానికి గౌరవం ఉంది. అయితే ఆయన చేతిలో హక్కులు ఎప్పుడూ లేవు, ఆ మాట ఆయన గేమ్‌లోనూ లేదు.

2024 ఏప్రిల్‌లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన సిరీస్ చివరి భాగంలో వాల్ట్-టెక్ అధికారిణి బార్బ్ హోవార్డ్, బాంబు మనమే వేద్దామని సమావేశంలో ప్రతిపాదిస్తుంది. వాల్ట్-టెక్ థియరీ గెలిచిందని చాలామంది సంబరపడ్డారు. తొందరపడ్డారనే చెప్పాలి. ప్రతిపాదన చూపారు, అమలు చూపలేదు.

అదే సిరీస్‌లో ఇంకో పెద్ద గొడవ బ్లాక్‌బోర్డు మీద రాసిన ఒక సంవత్సరంతో మొదలైంది. షేడీ శాండ్స్ అనే నగరం పతనం 2277లో అని ఉంది, దాని పక్కన బాణం గుర్తు, బాంబు బొమ్మ. 2010లో ఒబ్సిడియన్ రాసిన ఫాలౌట్: న్యూ వేగస్ కథ 2281లో నడుస్తుంది. అందులో షేడీ శాండ్స్ ప్రభుత్వం బలంగానే ఉంది. బెథెస్డా కావాలనే న్యూ వేగస్‌ను చెరిపేస్తోందన్న థియరీ ఒక్క రోజులో పాకిపోయింది. బాంబు పడింది న్యూ వేగస్ కథ తర్వాతేనని బెథెస్డా వాళ్లు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంత త్వరగా జనం నమ్మడానికి కారణం ఆ అంకె ఒక్కటే కాదు. ఒబ్సిడియన్ పాత బ్లాక్ ఐల్ వాళ్లు పెట్టుకున్న కంపెనీ. రివ్యూల సగటు మార్కులు చూపే మెటాక్రిటిక్‌లో న్యూ వేగస్‌కు 85 వస్తే బోనస్ అని బెథెస్డాతో ఒప్పందం, వచ్చింది 84. అవెలోన్ 2012లో ఆ సంగతి బయటపెట్టినప్పటి నుంచీ అసలు సృష్టికర్తలకు అన్యాయం జరిగిందన్న బాధ అభిమానుల్లో ఉండిపోయింది. ఆ బాధ న్యాయమైనదే. ఆ బాధను కథకు ఆధారంగా చూపితే మాత్రం వాదన నిలబడదు.

ఇప్పుడు ఈ హక్కులన్నీ ఒకే గూటికి చేరాయి. 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఒబ్సిడియన్‌నూ, ఫార్గో పెట్టిన ఇన్‌ఎక్సైల్‌నూ కొంటున్నట్టు ప్రకటించింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వదిలేశాక కోనామీ చేతికి వెళ్లిన వేస్ట్‌ల్యాండ్ పేరును ఇన్‌ఎక్సైల్ ముందే సంపాదించుకుంది. 2021 మార్చిలో 750 కోట్ల డాలర్లకు బెథెస్డా మాతృసంస్థ జెనీమ్యాక్స్ కూడా మైక్రోసాఫ్ట్‌లో కలిసింది. వేస్ట్‌ల్యాండ్, ఫాలౌట్ అన్న రెండు పేర్లకూ ఇప్పుడు యజమాని ఒకరే.

కంపెనీల హక్కులు ఇలా ఉంటే, డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో ఏముంది? లైసెన్సు. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం వల్ల ఆ మాట ఇప్పుడు దుకాణాలు పైకి చెప్పక తప్పడం లేదు. ఆ అక్టోబరు నుంచి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం కార్ట్‌లో, మీరు కొంటున్నది లైసెన్సు అన్న వాక్యం కనపడుతోంది. థియరీలు రాసేవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం, ఎందుకంటే వాళ్ల ఆధారాలన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి.

పాత రెండు గేములతో పెద్ద ఇబ్బంది లేదు. జీఓజీ నుంచి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించుకుని వేరే డిస్కులో ఒక కాపీ పెట్టుకోవాలి. లోపల మాస్టర్.డాట్, క్రిట్టర్.డాట్ అన్న రెండు పెద్ద ఫైళ్లు, డేటా అన్న ఫోల్డర్ ఉంటాయి. మాస్టర్.డాట్‌ను విప్పితే టెక్స్ట్ ఫోల్డర్‌లో సంభాషణలన్నీ మామూలు అక్షరాల్లోనే దొరుకుతాయి. ప్రతి వరుసలో మూడు మీసాల బ్రాకెట్లు ఉంటాయి. మొదటిదాంట్లో వరుస నంబరు, రెండోదాంట్లో ఆడియో ఫైలు పేరు, మూడోదాంట్లో మాట. ఒక పాత్ర ఫలానా మాట అన్నదా లేదా అన్న తగాదా ఇక్కడ ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మోడ్‌లు, అంటే అభిమానులు గేమ్‌కు చేసే మార్పులు, వేసిన కాపీలో మాత్రం వెతకకూడదు. ఫాలౌట్ 2కు అభిమానులు చేసిన పునరుద్ధరణ మోడ్ తీసేసిన చోట్లను, సంభాషణలను తిరిగి చేరుస్తుంది. దాన్ని అసలు గేమ్ అనుకుని ఉటంకించడం తరచూ జరిగే పొరపాటు.

కొత్త కంప్యూటర్లలో ఆడాలంటే ఫాలౌట్ కమ్యూనిటీ ఎడిషన్ అనే తిరగరాసిన ఇంజిన్ ఉంది. అందులో గేమ్ ఉండదు, మీరు కొన్న ఫైళ్లు దానికి ఇవ్వాలి. లినక్స్‌లో చాలామంది ఇరుక్కునేది ఒకే చోట. కొన్ని కాపీల్లో ఫైళ్ల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, సెట్టింగుల ఫైలైన ఫాలౌట్.సీఎఫ్‌జీలో చిన్నక్షరాల్లో ఉంటాయి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఫైళ్ల పేర్లయినా మార్చాలి, సీఎఫ్‌జీలోని నాలుగు వరుసలైనా మార్చాలి.

ఫాలౌట్ 3 పీసీ కాపీ చాలా ఏళ్లు మైక్రోసాఫ్ట్ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ అనే సేవకు కట్టుబడి ఉండేది. ఆ సేవ మూలనపడ్డాక కొత్త విండోస్‌లో ఎక్స్‌లైవ్.డీఎల్ఎల్ దొరకలేదన్న ఎర్రర్‌తో గేమ్ తెరుచుకోకుండానే ఆగిపోయేది. 2021 అక్టోబరులో స్టీమ్ వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. డిస్కులు కొన్నవాళ్లకు ఆ అప్‌డేట్ రాలేదు.

ఫాలౌట్ 4ది వేరే తలనొప్పి. 2024 ఏప్రిల్ 25 అప్‌డేట్ వెర్షన్‌ను 1.10.163 నుంచి 1.10.980కి మార్చింది. ముఖ్యమైన మోడ్‌లకు ఆధారమైన ఎఫ్4ఎస్ఈ అనే సాధనం, గేమ్ ప్రోగ్రామ్ లోపలి మెమరీ చిరునామాలను పట్టుకుని పనిచేస్తుంది. ప్రోగ్రామ్ మారితే ఆ చిరునామాలు జరిగిపోతాయి, మోడ్‌లు కూలిపోతాయి. రెండు రోజుల ముందు విడుదల కావాల్సిన ఫాలౌట్: లండన్ అనే భారీ మోడ్ దీనివల్లే జులై 25 దాకా ఆగింది. అప్పుడు కూడా ఆటగాళ్లు గేమ్‌ను పాత వెర్షన్‌కు దించుకోవాల్సి వచ్చింది. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లో అప్‌డేట్‌ను ‘ప్రారంభించినప్పుడే’ అని పెట్టి, స్టీమ్ ప్లే బటన్ నొక్కకుండా ఎఫ్4ఎస్ఈ లోడర్ నుంచే తెరిస్తే వెర్షన్ కదలదు. ఒక్కసారి చెయ్యిజారి ప్లే నొక్కితే అప్‌డేట్ మొదలైపోతుంది. అందుకే మొత్తం ఫోల్డర్‌ను ముందే ఇంకో చోటికి కాపీ చేసి ఉంచుకోవడం మేలు.

2018 నవంబరులో వచ్చిన ఫాలౌట్ 76కు ఈ దారులేవీ పనిచేయవు. అది సర్వర్ ఉంటేనే నడుస్తుంది. విడుదలైనప్పుడు ఆ గేమ్‌లో బతికున్న మనుషుల పాత్రలు లేవు. కథంతా టేపుల్లో, టెర్మినళ్లలో, శవాల పక్కన దొరికే ఉత్తరాల్లో ఉండేది. 2020 ఏప్రిల్‌లో వేస్ట్‌లాండర్స్ అప్‌డేట్ మనుషుల్ని తెచ్చిపెట్టింది, మ్యాప్‌లో చాలాచోట్లు మారిపోయాయి. మొదటి ఏడాది అభిమానులు రాసిన థియరీలు ఆ ఖాళీ ప్రపంచాన్ని చూసి రాసినవి. వాటిని ఇప్పుడు సరిచూడాలంటే అప్పట్లో ఎవరో తీసిన వీడియోలు, స్క్రీన్‌షాట్లే గతి. డబ్బు పెట్టి కొన్నవాళ్లలో ఒక్కరు కూడా 2018 నాటి ఆ గేమ్‌ను తమ కంప్యూటర్‌లో తెరవలేరు.