తొనల స్తంభం

అమ్ములూ, చింటూ,

పిట్స్‌బర్గ్‌లో మీరు కొన్న పాతింటి వరండా స్తంభాన్ని వేలితో కొడితే డొల్లగా మోగిందట. "తాతయ్యా, అమ్మినవాళ్లు మోసం చేశారా?" అని అడిగారు. మోసం కాదర్రా, పనితనమంతా ఆ డొల్లలోనే ఉంది.

కమలాపండు ఒలిచి చూడండి. తొనలు చుట్టూ, మధ్యలో ఖాళీ. మీ స్తంభమూ అంతే. పొడుగాటి చెక్క బద్దల్ని తొనల్లా నిలబెట్టి, జిగురుతో బిగించి, ఆరాక లేత్ అనే తిప్పే యంత్రం మీద పెట్టి నున్నగా చెక్కుతారు. బద్దకీ తొనలాగే లోపలివైపు సన్నం, బయట వెడల్పు. కాకపోతే తొనలు లాగితే ఊడొస్తాయి, బద్దలు ఊడకూడదు. అందుకే చికాగోలో హార్ట్‌మన్-శాండర్స్ కంపెనీ 'కోల్ లాక్ జాయింట్' అనే పేటెంట్ పద్ధతి వాడింది. ఒక బద్ద అంచు పక్కదాని గాడిలో ఇరుక్కుంటుంది. అలాంటి తొనలున్న పండుని నేనైతే ఒలవలేను!

మీ ఊళ్లోనే ఇలాంటి చెక్క స్తంభాలు చేసే ఎ.ఎఫ్. ష్వెర్డ్ కంపెనీ 1860లో మొదలైంది, అమెరికా అంతర్యుద్ధానికి ఏడాది ముందు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో రోమన్ పద్ధతి తెల్లటి మేడలు చూసొచ్చాక జనానికి స్తంభాల మోజు మరీ పెరిగింది. తమాషా ఏంటంటే, ఆ మేడల పైపూత చాలావరకు నార కలిపిన ప్లాస్టరే.

నిండు దుంగే పెట్టొచ్చుగా అంటారేమో. మా నాయనమ్మగారి వసారాలో టేకు దుంగ స్తంభాలుండేవి. ఒకదానికి నిలువునా బీట. వేసవిలో అందులో బలపాలు దాచేవాణ్ణి. వానలు పడగానే చెక్క ఉబ్బి బీట మూసుకుపోయేది, బలపం మళ్లీ ఎండలొచ్చేదాకా దక్కేది కాదు. బళ్లో తన్నులు మాత్రం వెంటనే దక్కేవి. దుంగ పైన ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపలింకా పచ్చిగానే ఉంటుంది, అందుకే బీట. బద్దల్నయితే విడివిడిగా ముందే ఆరబెట్టొచ్చు. తొందరపడి పచ్చివాటితో చేస్తే ఏదీ నిలవదు, మీ హోంవర్క్‌తో సహా.

ఇంకో వింత. ఈ రకం స్తంభం కింద మూడో వంతు దాకా దాదాపు ఒకే లావు, అక్కణ్ణుంచి పైకి కొంచెం కొంచెంగా సన్నబడుతుంది. గ్రీకులు రాతిలో మొదలుపెట్టిన ఒంపు అది. కంటికెందుకంత హాయిగా ఉంటుందో నేను చెప్పలేను. నాన్నని నిచ్చెనెక్కించి, పైనా కిందా దారం చుట్టి కొలవండి. అడుగున గాలాడే సందు కనిపిస్తే రంగులు వేసేటప్పుడు మూసెయ్యనివ్వకండి, లోపల చెమ్మ చేరి చెక్క కుళ్లుతుంది.

మీ తాతయ్య