అట్లాంటిక్ లోతు ప్రవాహం: అసలు పేచీ 2005 నాటిది

వేడినీటిని పైపైన ఉత్తరానికి తీసుకెళ్ళి, చల్లబడ్డాక లోతులోంచి దక్షిణానికి తిప్పి పంపే అట్లాంటిక్ ప్రవాహం ఆగిపోబోతోందన్న వార్త మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. చల్లబడిన ఉప్పునీరు బరువెక్కి ఉత్తరాన మునగడం, కరిగిన మంచు కలిస్తే ఆ బరువు తగ్గి ప్రవాహం మందగించడం అందరూ చదువుకున్నదే కాబట్టి నేరుగా 2005కి వెళ్దాం.

ఆ డిసెంబరులో సముద్ర శాస్త్రవేత్త హ్యారీ బ్రైడెన్ బృందం నేచర్ అనే సైన్స్ పత్రికలో ప్రవాహం 30 శాతం తగ్గిందని రాసింది. యూరప్ గడ్డకట్టుకుపోతుందని పత్రికలు ఊదరగొట్టాయి. ఆధారం ఏమిటంటే 1957, 1981, 1992, 1998, 2004ల్లో ఓడల మీద వెళ్ళి తీసిన కొలతలు. దాదాపు యాభై ఏళ్ళకి ఐదంటే ఐదు!

2004లోనే 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ర్యాపిడ్ అనే పరికరాల వరుస దించారు. సముద్రం అడుగున లంగరేసి నిలబెట్టిన తీగలకు ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం కొలిచే పరికరాలు కడతారు, తూర్పు పడమరల మధ్య నీటి సాంద్రత తేడాను బట్టి ఎంత నీరు కదులుతోందో లెక్కగడతారు, ఫ్లోరిడా దగ్గర మాత్రం అడుగున పడి ఉన్న టెలిఫోన్ కేబుల్లో నీటి కదలిక వల్ల పుట్టే వోల్టేజీతోనే చాలా ఏళ్ళు పని కానిచ్చేశారు (ఎవరికి తట్టిందో గానీ భలే ఉపాయం). మొదటి ఏడాదిలోనే ప్రవాహం సెకనుకు 40 లక్షల ఘనపు మీటర్ల నుంచి 3.5 కోట్ల దాకా ఊగింది. అంటే ఓడ ఏ వారం వెళ్తే ఆ అంకె దొరుకుతుందన్నమాట. పైగా పాత కొలతలు వేసవి, శరత్కాలాల్లో తీస్తే చివరి రెండూ చలికాలంలో, వసంతంలో తీశారు. 2010లో ఋతువుల తేడా సరిచూస్తే ఆ 30 శాతంలో చాలావరకు ఎగిరిపోయింది.

ప్రవాహం తగ్గుతోందనే వాళ్ళు ఆ తర్వాత ఉపరితల ఉష్ణోగ్రతల మీద ఆధారపడ్డారు. గ్రీన్‌లాండ్ దక్షిణాన చల్లబడుతున్న నీటిని చూపి 15 శాతం తగ్గిందని 2018లో ఒక బృందం అంది. 2025-2095 మధ్య కుప్పకూలుతుందన్న 2023 అంచనా కూడా ఆ దారిదే. గాలికీ సముద్రానికీ మధ్య వేడి మార్పిడిని లెక్కేసిన 2025 జనవరి పరిశోధన మాత్రం అరవై ఏళ్ళలో తగ్గుదలే లేదంది.

ర్యాపిడ్ రికార్డు కూడా నిలకడగా ఏమీ లేదు, 2009-10లో 30 శాతం పడిపోయి మళ్ళీ లేచింది. ఈ శతాబ్దంలో ప్రవాహం బలహీనపడటం దాదాపు ఖాయమని, 2100లోపు హఠాత్తుగా కుప్పకూలదని మాత్రం ఓ మోస్తరు నమ్మకమే ఉందని 2021 ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్ర సంఘం) నివేదిక చెప్పింది. నిజంగా కూలితే ఉష్ణమండల వానల పట్టీ దక్షిణానికి జరిగి మన రుతుపవనాలూ బలహీనపడతాయని కూడా అందులోనే ఉంది.