జైసల్మేర్ వెళ్తున్నారా? ఎడారి ఊరి గురించి అపోహలు - వాస్తవాలు

దసరా నుంచి శివరాత్రి దాకా మనవాళ్లను బృందాలుగా రాజస్థాన్ తీసుకెళ్లడం నా పని. జైసల్మేర్ అనగానే ఫోన్‌లో అందరూ ఏమేం చూపిస్తారనే అడుగుతారు. ఏ వేళకు ఎక్కడ ఉంటామని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎడారి ఊరికి వెళ్లేటప్పుడు ముందు అడగాల్సింది అదే.

అపోహ: "మాది బెజవాడ. ఎండ మాకు కొత్తేం కాదు."

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం ఈ మాటంటేనే. బెజవాడ గాలిలో తేమ ఎక్కువ. చెమట కారుతుంది, చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, అది చూసైనా నీళ్లు తాగుతాం. థార్‌లో గాలి పొడి. చెమట పట్టీపట్టగానే ఆవిరైపోతుంది. ఒళ్లు తడవదు కాబట్టి చెమటే పట్టలేదనుకుంటాం.

ఓ దసరా సెలవుల్లో కోట చూస్తుండగా మా బృందంలోని ఒక పెద్దాయన పొద్దుటి నుంచి అర సీసా నీళ్లు కూడా తాగలేదని గమనించాను. అడిగితే "చెమటే లేదు కదా బాబూ" అన్నారు. వెనక్కి తిరిగినప్పుడు చూస్తే, ఆయన నీలం చొక్కా వీపంతా తెల్లటి ఉప్పు చారలు! నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగిలింది. పది నిమిషాల్లో కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డారు. నీడకు చేర్చి, ఓఆర్‌ఎస్ కలిపి గుక్కగుక్కా తాగించాక గానీ తేరుకోలేదు. ఆ రోజు నుంచి నేను మనుషుల మొహాలతో పాటు వీపులు కూడా చూస్తుంటాను.

కాబట్టి దాహం వేసేదాకా ఆగకండి, మధ్యమధ్యలో తాగుతూనే ఉండండి. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే తాగినవి చాలలేదని అర్థం. ఉత్త నీళ్లే కాదు, ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగండి. అక్కడ ఛాఛ్ అంటారు. గుండె, కిడ్నీ, బీపీ మందులు వాడేవాళ్లు ఎంత తాగవచ్చో బయల్దేరకముందే డాక్టరుగారిని అడగాలి. పొట్టి చేతుల టీషర్టులు ఇంట్లో పెట్టి, వదులుగా ఉండే పొడుగు చేతుల నూలు బట్టలు తెచ్చుకోండి. ఎవరికైనా మాట తడబడినా, మనిషి అయోమయంగా కనిపించినా వడదెబ్బ అని అనుమానించి ఒళ్లు తడిపి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

అపోహ: నాలుగు దాటితే ఎండ దిగిపోతుంది.

వాస్తవం: మన గడియారాలు నడిచేది కాకినాడ సమీపంగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. జైసల్మేర్ దాదాపు 71 డిగ్రీల దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే, అక్కడ సూర్యుడు కాకినాడ కన్నా ముప్పావు గంట వెనక నడుస్తాడు. గడియారంలో నాలుగైతే అక్కడి ఎండకు ఇంకా మూడుంపావే. అక్టోబరు, మార్చి నెలల్లో వెళ్తే కోట, పట్వా హవేలీలు (పాతకాలపు వర్తకుల భవంతులు) పొద్దున పదకొండు లోపు ముగించండి. ఐదింటిదాకా గదిలో నడుం వాల్చి, అప్పుడు గడీసర్ చెరువుకు బయల్దేరండి.

అపోహ: వేసవి సెలవుల్లో రూములు చవక, అప్పుడే వెళ్దాం.

వాస్తవం: వద్దు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే దారిలోనే ఫలోదీ ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. పిల్లలకు బడి సెలవులు కావాలంటే సంక్రాంతికి రండి. కాకపోతే స్వెట్టర్లు, మఫ్లర్లు మరవద్దు. జనవరి రాత్రుళ్లు ఇసుక దిబ్బల దగ్గర గుడారంలో పళ్లు టకటకలాడతాయి.

అపోహ: కోట లోపలి హోటల్లో దిగితేనే అసలు అనుభవం.

వాస్తవం: 1156లో రావల్ జైసల్ కట్టించిన ఆ కోటలో ఇప్పటికీ వేలమంది కాపురముంటున్నారు. వాన తక్కువ పడే చోటని నమ్మి కట్టిన కోట అది. కుళాయిలు, బాత్‌రూములు పెరిగి, వాడిన నీరు పునాదుల్లోకి ఇంకడంతో నేల మెత్తబడింది. బురుజులు కూలిన సందర్భాలున్నాయి. నేను మా వాళ్లను కోట బయటే దింపుతాను. మేడ మీద నుంచి సాయంత్రం పసుపు రాయి బంగారంలా మెరవడం కనిపించేదీ బయటి నుంచే.

అపోహ: ఎడారంటే ఎటు చూసినా ఇసుకే.

వాస్తవం: ఇసుక దిబ్బలు చూడాలంటే ఊరి నుంచి 40 కిలోమీటర్లు, సమ్ దాకా వెళ్లాలి. దారంతా గులకరాళ్ల నేల, పొదలు, మేకల మందలు. వాటి మధ్య అక్కడక్కడా ఒంటరిగా ఒక చెట్టు నిలబడి ఉంటుంది. అక్కడివాళ్లు ఖేజ్డీ అంటారు. అది మన జమ్మి. దసరాకు మనం పూజించే చెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా వాటిని కౌగిలించుకుని చెట్లను, జంతువులను కాపాడటం మత నియమంగా పాటించే బిష్ణోయీలు 363 మంది ప్రాణాలిచ్చారు. దాని కాయలే సాంగ్రీ. ఎండబెట్టి, నానబెట్టి, కేర్ కాయలతో కలిపి నూనెలో వేపుడులా చేస్తారు, కాస్త పుల్లగా ఉంటుంది. కిందటిసారి సమ్ దారిలో బస్సు ఆపి ఇదే జమ్మి అని చెప్పగానే, వరంగల్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు చెప్పులు విడిచి చెట్టు చుట్టూ తిరిగి, రెండు ఆకులు కొంగున ముడేసుకున్నారు.