చోటు మారినా పేరు మారకుండా

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు గీసిన బొమ్మలు, రాసిన కథలు, తీసిన ఫొటోలు అన్నీ సోషల్ మీడియాలోనే పెడుతున్నారు. మానేయమని చెప్పను, స్నేహితులంతా అక్కడే ఉన్నారు కదా. కాకపోతే వాటి అసలు ప్రతి మాత్రం మీ సొంత వెబ్‌సైటులో ఉండాలంటాను. ఎందుకో, ఎలాగో రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

వెబ్‌లో ఏది కనబడాలన్నా మూడు కావాలి: పేరు, చోటు, ఫైళ్లు. పేరంటే డొమైన్, అంటే జనం టైపు చేసే అడ్రసు. చోటంటే మీ పేజీలను రాత్రీపగలూ అందించే కంప్యూటర్, అంటే సర్వర్. ఆ చోటివ్వడాన్నే హోస్టింగ్ అంటారు. ఫైళ్లంటే మీ రాతలు, బొమ్మలు. సోషల్ మీడియాలో ఈ మూడూ ఒకే కంపెనీ గుప్పిట్లో ఉంటాయి. సొంత సైటులో దేనికదే విడి. కిటుకంతా ఇక్కడే ఉంది. హోస్టింగ్ కంపెనీ చేతులెత్తేస్తే ఫైళ్లను ఇంకో కంపెనీ సర్వర్‌లోకి ఎక్కించి డొమైన్‌ను అటు తిప్పుకుంటారు. చదివేవాళ్లకు ఆ సంగతే తెలియదు, పాత లింకులన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

కంపెనీ గుప్పిట్లో ఉన్నవాటి గతి ఏమైందో చూడండి. ఒకప్పటి సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అలాంటిదే గూగుల్ ప్లస్, మామూలు వాడుకదారులకు 2019 ఏప్రిల్ 2న ఆగిపోయింది. పాటలు పంచుకునే మైస్పేస్ మూతపడనైనా లేదు. అయినా 2015కు ముందు జనం అందులో ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. వీటికంటే జియోసిటీస్ సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. 1994లో మొదలైన ఆ చోట లక్షల మంది సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో యాహూ కొన్నది, 2009లో మూసేసింది. పేజీలు జనానివే, పేరు మాత్రం కంపెనీది. ఫైళ్లు దాచుకున్నవాళ్లు కూడా మరో చోట కొత్త అడ్రసుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకే సొంత పేజీ ఉంటే సరిపోదు, సొంత పేరు కూడా ఉండాలి.

ఇక సరదా సంగతికొస్తాను. సోషల్ మీడియా ఫీడ్‌లో ఎక్కువగా కొత్తది పైకి, పాతది అడుక్కి. నిన్న పెట్టిన మంచి బొమ్మ ఇవాళ్టికి ఎక్కడో కిందకి పోతుంది. సొంత సైటులో ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ఇష్టం. పిట్టల మీద ఒక పేజీ పెట్టి, చూసిన ప్రతి పిట్ట గురించీ నాలుగు మాటలు చేరుస్తూ పదేళ్లు పెంచవచ్చు. తప్పు రాస్తే దిద్దవచ్చు. సగం రాసింది సగంగానే ఉంచి ‘ఇంకా ఉంది’ అని పెట్టినా అడిగేవాళ్లు లేరు. రంగు మీది, అక్షరం సైజు మీది. కింద లైకుల అంకె ఉండదు. ఈ ఒక్క లాభం చాలని నాకనిపిస్తుంది, ఎందుకంటే అంకె కనబడితే రాసేవాడి చూపు విషయం మీంచి దాని మీదికి పోతుంది. మొదట్లో ఎవరూ రారన్న మాట కూడా నిజమే. లింకుల ద్వారా, సెర్చి ద్వారా మెల్లగా వస్తారు. మళ్లీ మళ్లీ రావాలనుకునేవాళ్ల కోసం ఆర్‌ఎస్‌ఎస్ ఫైలు, అంటే మీ కొత్త పేజీల జాబితా, పెట్టండి. కొత్త పేజీ వేసి అందులో చేర్చినప్పుడల్లా అది వాళ్ల రీడర్‌లో, అంటే ఆ జాబితాలు చదివే యాప్‌లో, తనంతట తనే కనబడుతుంది.

మొదలుపెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కంప్యూటర్లో ఒక ఫోల్డర్, అందులో వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ‘ఇండెక్స్’ (index.html) పేరుతో ఒక ఫైలు, రాయడానికి నోట్‌ప్యాడ్ లాంటిది, అంతే. ఫైలు తలభాగంలో రెండు లైన్లు మరవకండి. ఒకటి, అక్షరాలను యూటీఎఫ్-8 అనే పద్ధతిలో అంకెలుగా దాచామని చెప్పే చార్‌సెట్ లైను. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుడికి, కొమ్ముకు మూడేసి బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న గళ్లు, పడతాయి. ఆ లైను లేకపోతే బ్రౌజర్ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే ప్రమాదముంది. అప్పుడు మీ కథ బదులు నెత్తిన గీత పెట్టుకున్న ఇంగ్లిష్ ‘ఎ’లు, పక్కన డిగ్రీ గుర్తులు వరసగా కనబడతాయి. ఆ గోల చూస్తే కంగారుపడకండి, రాత చెడలేదు, చదివే తీరు చెడింది. రెండోది పేజీని తెర వెడల్పుకు సరిపెట్టే వ్యూపోర్ట్ లైను. అది లేకపోతే ఫోన్ మీ పేజీని కంప్యూటర్ తెరంత వెడల్పనుకుని కుదించి చూపిస్తుంది, అక్షరాలు చీమల్లా ఉంటాయి.

తెలుగును యూనికోడ్‌లోనే, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతముండే పద్ధతిలోనే, టైపు చేయండి. అచ్చుపనికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో పైకి కనబడేది తెలుగు, లోపల దాగేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అది చెత్తగా కనబడుతుంది, సెర్చికి అసలు దొరకదు. వరసల మధ్య ఖాళీ అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఖాళీ మనకు చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడులను గుద్దుకుంటాయి.

ఫైళ్ల పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. విండోస్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టదు, లైనక్స్ సర్వర్లకు పడుతుంది. ఇంట్లో బాగా కనబడిన బొమ్మ సైటులోకి ఎక్కించాక మాయమైందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫోన్ ఫొటో మూడు నాలుగు ఎంబీలుంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, జేపెగ్ ఫైలుగా నాణ్యత నూటికి 75 దగ్గర దాస్తే చాలావాటికి రెండు మూడు వందల కేబీలు సరిపోతాయి. ఇంకో ముఖ్యమైన మాట. ఫొటో ఫైల్లో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. పెద్ద సోషల్ మీడియా సైట్లు సాధారణంగా ఆ వివరం తీసేసే చూపిస్తాయి. మీ సైటులో ఆ పని చేసేవాళ్లెవరూ లేరు, ఎక్కించే ముందు మీరే తీసేయాలి. ఇంటి అడ్రసు, బడి పేరు, ఫోన్ నంబరు ఏ పేజీలోనూ రాయకండి.

చోటుకు డబ్బు పెట్టక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్, నియోసిటీస్ అనే హోస్టింగ్ సైట్లు రెండూ ఉచితంగా ఒక జీబీ దాకా ఇస్తాయి. పైన చెప్పినట్టు రాతా బొమ్మలతో కడితే అది నిండడానికి ఏళ్లు పడుతుంది. గిట్‌హబ్‌లో సొంత డొమైన్ ఉచితంగా తగిలించవచ్చు, నియోసిటీస్‌లో అది డబ్బు కట్టే ఖాతాలకే.

డొమైన్‌కు మాత్రం ఏటా కట్టాలి. దాన్ని అమ్మానాన్నల పేరు మీద, వివరాలు బయటికి కనబడని ప్రైవసీ పెట్టించి కొనిపించండి. ‘డాట్ కామ్’ లాంటివాటిని ఒకేసారి పదేళ్ల దాకా తీసుకోవచ్చు. గడువు దాటినా వెంటనే పోదు. మామూలుగా అమ్మినవాళ్లు కొన్నాళ్లు ఆగుతారు, ఆ తర్వాత 30 రోజులు జరిమానాతో విడిపించుకునే అవకాశముంటుంది, ఆపైన 5 రోజులకు ఎవరైనా కొనేయవచ్చు. కొందరు పోగొట్టుకునేది డబ్బు కట్టే కార్డు గడువు తీరిపోవడం వల్ల. అంతకంటే తమాషా పొరపాటు ఇంకొకటుంది. రిజిస్ట్రార్‌కు, అంటే డొమైన్ అమ్మే కంపెనీకి, కొందరు అదే డొమైన్‌తో నడిచే ఈమెయిల్ ఇస్తారు. డొమైన్ ఆగితే ఈమెయిలూ ఆగుతుంది, ఇక ‘గడువు తీరింది’ అన్న ఉత్తరం ఎవరికి చేరుతుంది?

హోస్టింగ్ మార్చేటప్పుడు ముందురోజే డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే పట్టికలో, టీటీఎల్ అంకెను 300 సెకన్లకు తగ్గించండి. ఆ అడ్రసును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె అది. అది పెద్దదిగా ఉంటే పాత సర్వర్ అడ్రసు గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లు గంటల తరబడి పాత సర్వర్‌కే పోతాయి. పాతదాన్ని ఓ వారం పాటు అలాగే ఉంచి, తర్వాత మూయండి. ఫోల్డర్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉండాలి.

ఇట్లు
మీ తాతయ్య

తా.క. పేరు ఎంచుకునేటప్పుడు దాన్ని ఫోన్‌లో ఒకరికి చెప్పి టైపు చేయమనండి. తెలుగు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఇద్దరు ఒకేలా రాయరు, ఒక్క ‘శ్రీ’నే మూడు రకాలుగా రాస్తారు. ఒక్కసారి వినగానే తప్పులేకుండా టైపు చేయగలిగితే ఆ పేరే తీసుకోండి.