కుంచె మొనలో నీటి నడక

పిడి గొట్టంలోనే నీళ్లు నింపుకుని నీటిరంగులు వేసే వాటర్ బ్రష్ పెన్ను మొదటిసారి చేతికొచ్చినప్పుడు చాలామంది గొట్టాన్ని గట్టిగా నొక్కేస్తారు. నేనూ అదే చేశాను. కాగితం మీద మడుగు కట్టింది, వేసిన రంగంతా అందులో తేలిపోయింది. బొమ్మ వేస్తున్నంతసేపూ దాన్ని నొక్కాల్సిన అవసరం దాదాపు రాదని తర్వాత అర్థమైంది. కాగితానికి మొన తాకితే చాలు, నీరు దానంతటదే దిగుతుంది.

పెన్ను నిర్మాణం చాలా సులువు. నీళ్లు నింపుకునే మెత్తని ప్లాస్టిక్ గొట్టం, నీరు సన్నగా మాత్రమే దిగేలా దాని మెడ దగ్గర ఒక అడ్డు, చివర నైలాన్ వెంట్రుకల కుచ్చు. తలకిందులుగా పట్టుకున్నా నీరు ధారగా కారిపోదు. కొంచెం నీరు బయటికొస్తే లోపలున్న గాలి పీడనం తగ్గుతుంది, బయటి గాలి మిగతా నీటిని ఆపి ఉంచుతుంది. వెంట్రుకల సందుల్లో తలతన్యత, అంటే నీటి పైభాగం బిగిసిన పొరలా ఉండే గుణం, కూడా నీటిని పట్టి ఉంచుతుంది. మొన కాగితాన్ని తాకగానే ఈ తూకం మారిపోతుంది. వత్తిలోకి నూనె ఎక్కినట్టే కాగితపు నారల మధ్య సందుల్లోకి నీరు పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. అలా వెళ్లిన నీటి స్థానంలోకి గొట్టంలోంచి మరికొంత వస్తూ ఉంటుంది.

గొట్టం సగం ఖాళీ అయ్యాక ఒక చిక్కు మొదలవుతుంది. లోపల గాలి ఎక్కువైపోయి, చేతి వేడికి వ్యాకోచించి నీటిని బయటికి తోస్తుంది. పూర్తి కావస్తున్న ఆకాశం మీద పిలవని చుక్క పడేది అప్పుడే. అందుకే నేను గొట్టాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుకుంటాను.

మామూలు కుంచెను నీళ్లలో ముంచితేనే తడి అవుతుంది, గీసేకొద్దీ ఆరుతుంది. ఈ పెన్ను ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దీని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి. పెద్ద ఆకాశాన్ని ఒకే ఛాయలో నింపడం దీనితో కష్టం, ఎందుకంటే గీసేకొద్దీ రంగు పలచబడుతుంది. కానీ ముదురు నుంచి లేతకు జారే ఛాయ కావాలంటే దీన్ని మించింది లేదు. మొన మీదికి రంగు ఒక్కసారి తీసుకుని, పక్కపక్కనే గీతలు గీస్తూ పోండి. మళ్లీ రంగు ముట్టుకోకండి. పదో గీతకో పదిహేనో గీతకో మొన మీద మామూలు నీరే మిగులుతుంది. కొత్తవాళ్లు మొదటి రోజు ఇదొక్కటే పది పట్టీలు వేసినా నష్టం లేదు.

నీటిరంగు అంటే పొడి చేసిన వర్ణకం (రంగునిచ్చే పదార్థం), దాన్ని పట్టి ఉంచే గమ్ అరబిక్ అనే తుమ్మజాతి చెట్ల జిగురు. నీరు ఆరిపోతే జిగురు వర్ణకాన్ని కాగితానికి అంటించేస్తుంది. అయితే నీరు ఎలా ఆరుతుందన్నదే అసలు కథ. కాగితం మీద చిన్న చుక్క పెట్టి ఆరనివ్వండి. మధ్యలో లేతగా, అంచు చుట్టూ ముదురుగా గీత కనిపిస్తుంది. కాఫీ మరక అంచు కూడా అలాగే ఉంటుంది. 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్ బృందం దీనికి కారణం వివరించింది. చుక్క అంచు కాగితానికి అతుక్కుని కదలదు, నీరు అక్కడే త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు ప్రవహిస్తూ రేణువులను మోసుకుపోతుంది.

ఈ గీత వద్దనుకుంటే అంచు ఆరకముందే శుభ్రమైన మొనతో దాన్ని తాకి మెత్తబరచాలి. కానీ సమయం తప్పితే మరో ప్రమాదం ఉంది. సగం ఆరిన రంగులోకి కొత్త తడి చేరితే, అది వర్ణకాన్ని నెట్టుకుంటూ పోయి గోబీపువ్వు అంచు లాంటి మరక చేస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే ఈ పెన్నుతో ఇది మరీ ఎక్కువ. కాగితాన్ని ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూడండి. అద్దంలా మెరుస్తుంటే ఇంకా రంగు కలపవచ్చు. మెరుపు మసకబారుతుంటే చెయ్యి తీసేయాలి. మెరుపు పోయాక కూడా వేలి వెనుక భాగంతో మెల్లగా తాకి చూడండి. చల్లగా తగిలితే లోపల నీరు ఇంకా ఆవిరవుతోందన్నమాట.

మామూలు రాత కాగితం దీనికి పనికిరాదు, తడికి ముడతలు పడుతుంది. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు ఉన్న నీటిరంగుల కాగితం తీసుకోండి. నీరు ఒక్కసారిగా ఇంకిపోకుండా దానికి జెలటిన్ లాంటి పదార్థం పట్టిస్తారు. అందుకే రంగు కాసేపు పైనే ఉండి కదులుతుంది.

మొదట మూడు నాలుగు రంగులు చాలు. అల్ట్రామెరైన్ నీలం రేణువులు గరుకు కాగితపు గుంటల్లోకి దిగి ఇసుకలా చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. థాలో నీలం రేణువులు చాలా సన్నవి, నారల్లోకి దూరిపోతాయి, తుడిచినా మరక వదలదు. తప్పులు దిద్దుకుంటూ నేర్చుకునేవాళ్లకు అల్ట్రామెరైనే మేలని నా అభిప్రాయం. ఆరిన రంగుమీద మొన ఆడించి, పాత గుడ్డతో అద్దితే చాలావరకు పైకి లేస్తుంది.

రంగు మార్చేటప్పుడు మాత్రం గొట్టాన్ని కాస్త నొక్కి, మొనను గుడ్డ మీద తుడుస్తూ ఉండండి, గుడ్డ మీద మరక పడడం ఆగేదాకా. కొన్నాళ్లకు నైలాన్ వెంట్రుకలకు రంగు పట్టేస్తుంది, దానికి కంగారు పడొద్దు. తుడిస్తే గుడ్డకు అంటనంతవరకు అది కొత్త రంగులోకీ రాదు.