దాణాలో సెలీనియం: ఉప్పా, ఈస్టా?

సెలీనియం కోళ్లకు, పశువులకు కొద్దిగానైనా తప్పనిసరిగా కావాల్సిన ఖనిజం. దాన్ని దాణాలో ఉప్పు రూపంలోనైనా, ఈస్ట్ (పిండి పులియబెట్టే సూక్ష్మజీవి) రూపంలోనైనా కలపొచ్చు. ముందు లెక్క చూద్దాం. టన్ను కోళ్ల దాణాలో కలిపే సెలీనియం మామూలుగా 300 మిల్లీగ్రాములు, అంటే 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.3 భాగం). సోడియం సెలినైట్ అనే ఉప్పులో సెలీనియం 45 శాతం పైచిలుకు ఉంటుంది కాబట్టి, ఆ రూపంలో వేస్తే టన్నుకు 0.66 గ్రాములు చాలు, చిటికెడు కూడా కాదు. అదే 2,000 పీపీఎం సెలీనియం ఉన్న ఈస్ట్ అయితే 150 గ్రాములు పడుతుంది. ఖర్చు ఎక్కడ పెరుగుతుందో ఇక్కడే అర్థమైపోతుంది. పెరిగిన ఖర్చుకు తగ్గ పని జరుగుతుందా అని అడిగితే, ఫారానికి వచ్చే కంపెనీ వాళ్లు "ఇది ఆర్గానిక్ అండీ, నేచురల్" అంటారు. నాకు చిరాకు పుట్టేది ఆ మాట దగ్గరే.

ఇక్కడ ఆర్గానిక్ అంటే పురుగుమందులు కొట్టకుండా పండించినదని కాదు. కెమిస్ట్రీ లెక్కన, సెలీనియం కార్బన్‌తో కలిసి ఒక అమైనో ఆమ్లంలో భాగంగా ఉందని, అంతే. సెలినైట్ అలా కాదు, అదొక ఉప్పు. ఇంకో తమాషా ఏంటంటే, ఆ ఈస్ట్‌ని తయారుచేసేది కూడా మామూలుగా ఈ ఉప్పు పోసే! ఫ్యాక్టరీ ట్యాంకుల్లో ఈస్ట్‌ని పెంచుతూ, దానికి గంధకం తక్కువగా, సెలీనియం ఎక్కువగా అందిస్తారు. ఆవర్తన పట్టికలో గంధకం కిందే సెలీనియం ఉంటుంది, రెండింటి స్వభావాలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. గంధకం దొరక్క ఈస్ట్ దాని చోట సెలీనియాన్ని పెట్టి మెథియోనిన్ కట్టేస్తుంది. అదే సెలీనోమెథియోనిన్.

మెథియోనిన్ గురించి కోళ్ల రైతులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు, మొక్కజొన్న, సోయా దాణాలో మొదట కొరత పడేది అదే కదా. కోడి ఒంటికి సెలీనోమెథియోనిన్‌కీ మామూలు మెథియోనిన్‌కీ తేడా తెలియదు. పేగులో మెథియోనిన్ వెళ్లే దారిలోనే దీన్నీ లోపలికి పంపుతుంది, కండరం కట్టేటప్పుడు, గుడ్డులో తెల్లసొన తయారుచేసేటప్పుడు దీన్నీ కలిపి కట్టేస్తుంది. సెలినైట్‌కి ఆ సౌకర్యం లేదు. అది పేగు గోడలోంచి దానంతటదే లోపలికి జారుతుంది, అవసరమైనంత వాడుకున్నాక మిగిలింది ఎక్కువగా మూత్రంలోనో రెట్టలోనో బయటికి పోతుంది. ఒకటి గాదెలో పోసుకున్న ధాన్యం, ఇంకోటి ఏ రోజుకారోజు తెచ్చుకునే బియ్యం.

కానీ గాదెలో ఉన్న ధాన్యం అన్నం కాదు. గ్లుటాతియోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ కణాలను ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడుతుంది, అందులో సెలీనియం ఉంటుందని 1973లో తేలింది. ఆ ఎంజైమ్‌కి కావాల్సింది సెలీనోసిస్టీన్ అనే మరో రూపం. ఉప్పు వేసినా ఈస్ట్ వేసినా శరీరం రెండింటినీ ముందు సెలినైడ్ అనే సాదా రూపంగా విరిచి, అక్కడి నుంచి సెలీనోసిస్టీన్ కట్టుకోవాల్సిందే. అందుకే దాణా సరిగ్గా ఉండి, కోడి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, బ్రాయిలర్ బరువులోనో ఎఫ్‌సీఆర్‌లోనో (కిలో బరువు పెరగడానికి తినే దాణా) రెండింటికీ పెద్ద తేడా చాలాసార్లు కనపడదు. ఆరు వారాల్లో మార్కెట్‌కి వెళ్లే కోడికి గాదె నింపి ఏం లాభం? నా వరకు మామూలు బ్రాయిలర్‌కి సెలినైట్ చాలు.

లెక్క మారేది వేరే చోట్ల. రోహిణి కార్తెలో కోడి దాణా ముట్టదు, దాంతో సెలీనియం లోపలికి వెళ్లడం తగ్గుతుంది, వేడికి అవసరమేమో పెరుగుతుంది. అప్పుడు కండరంలో దాచుకున్నది అక్కరకొస్తుంది. (దాణాలో కలిపే విటమిన్లు, ఖనిజాల పొడి, అంటే ప్రీమిక్స్‌లో సెలినైట్ పక్కనే విటమిన్ సి కూడా ఉంటే, అది సెలినైట్‌ని ఒంటికి పట్టని మూలక సెలీనియంగా మార్చేయగలదు, ఇది చాలామంది పట్టించుకోరు.) పిల్లల కోసం గుడ్లు పెట్టించే బ్రీడర్ కోళ్లలో తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకి చేరేది ఈస్ట్‌తో బాగా పెరుగుతుంది. సెలీనియం గుడ్లంటూ అమ్మేవాళ్లకి వేరే దారి లేదు. మనిషికి రోజుకు 40 నుంచి 55 మైక్రోగ్రాములు చాలు, బాగా చేసిన గుడ్డు ఒక్కటే అందులో సగం దాకా ఇవ్వగలదు.

పాడి పశువుల్లో తేడా ఇంకా గట్టిది. గేదె మేసింది ముందు రూమెన్ అనే మొదటి పొట్టలోకి వెళ్తుంది, అక్కడి సూక్ష్మజీవులు సెలినైట్‌లో కొంత భాగాన్ని కరగని రూపంలోకి మార్చేస్తాయి, అది పేడలో పోతుంది. ఈస్ట్‌లోది ఎక్కువగా దాటుకుని వస్తుంది, పాలలోనూ కనిపిస్తుంది. సెలీనియం, విటమిన్ ఇ తక్కువైతే ఈనాక మాయ పడకపోవడం, పొదుగువాపు పెరుగుతాయి. చూడి చివరి నెలల్లో ఖర్చు పెట్టాలంటే నేను ఇక్కడ పెడతాను.

ఈస్ట్ అయితే ఎంత వేసినా ప్రమాదం లేదని చెప్పేవాళ్లని మాత్రం నమ్మొద్దు. పంజాబ్‌లో హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లో కొన్ని పొలాల మట్టిలోనే సెలీనియం ఎక్కువ. అక్కడి మేత తిన్న పశువులకు వెంట్రుకలు రాలాయి, గిట్టలు పగిలి ఊడాయి. మొక్కలు తాము పీల్చుకున్న సెలీనియంలో చాలా భాగాన్ని ఆర్గానిక్ రూపాల్లోకే మార్చుకుంటాయి, అంటే ఆ పశువులు తిన్న విషం చాలావరకు ఆర్గానిక్కే. 1930ల్లో అమెరికాలోని సౌత్ డకోటాలోనూ ఇదే కథ, కోడిగుడ్లలో పిల్లలు అవకరాలతో తయారయ్యేవి. ఆ భయం ఎంతటిదంటే, సెలీనియం అత్యవసరమని శాస్త్రవేత్త క్లాస్ ష్వార్జ్ 1957లో ఎలుకల మీద చూపించినా, దాణాలో కలపడానికి అమెరికా ఒప్పుకుంది 1974లోనే, అదీ ఉప్పు రూపంలో. కోళ్ల దాణాలో ఈస్ట్‌కి అక్కడ అనుమతి 2000 సంవత్సరంలో వచ్చింది. యూరప్ అయితే దాణాలో మొత్తం సెలీనియం 0.5 పీపీఎం దాటకూడదనడమే కాక, ఆర్గానిక్ రూపంలో కలిపేది 0.2 దగ్గరే ఆపమంది, మాంసంలో, పాలలో నిల్వ ఉండేది చివరికి మన ఒంట్లోకే వస్తుంది కాబట్టి.

కొనేటప్పుడు బస్తా మీద "సెలీనియం 2,000 పీపీఎం" అని చూసి ఆగిపోకండి. చవక ఈస్ట్ పొడిలో సెలినైట్ కలిపినా మొత్తం సెలీనియం పరీక్షలో అంతే వస్తుంది, ఆ పరీక్ష రూపాన్ని చూడదు. అందులో సెలీనోమెథియోనిన్ ఎంత శాతమో ల్యాబ్ రిపోర్ట్ అడగండి. మంచి ఈస్ట్‌లో అది మొత్తం సెలీనియంలో సగానికి పైనే ఉంటుంది. రిపోర్ట్ ఇవ్వకపోతే ఈస్ట్ ధర ఇచ్చి ఉప్పు కొంటున్నారేమో చూసుకోండి.