మిడి కేబుల్‌లో సౌండు ఉండదు: కీబోర్డు కనెక్షన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: సంగీతం వాయించే కీబోర్డును కంప్యూటర్‌కు కలిపితే దాని సౌండు కంప్యూటర్‌లోకి వస్తుంది.

వాస్తవం: మిగతా అపోహల్లో చాలావాటికి మూలం ఇదే. మిడి అంటే వాయిద్యాలు, కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి. మిడి కేబుల్‌లో సౌండు వెళ్లదు. ఏ కీ నొక్కారు, ఎంత విసురుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అనే సమాచారమే వెళ్తుంది. కీ నొక్కినప్పుడు వెళ్లేవి మూడే బైట్లు. మొదటిది 'నోట్ ఆన్' అని, 16 ఛానళ్లలో ఏ ఛానలో చెబుతుంది. రెండోది స్వరం నంబరు: పియానో మధ్యలో ఉండే 'సి'కి 60, 440 హెర్ట్జ్‌ల 'ఎ'కి 69. మూడోది వెలాసిటీ, అంటే కీ కిందికి దిగిన వేగం, 1 నుంచి 127 దాకా. వీటిని అందుకుని సౌండు పుట్టించేది కంప్యూటర్‌లో లోడ్ చేసిన వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్, అంటే సాఫ్ట్‌వేర్ రూపంలోని వాయిద్యం. అది లేకపోతే ఎంత వాయించినా ఏమీ వినిపించదు. అంతమాత్రాన కీబోర్డు పాడైనట్టు కాదు.

మీ కీబోర్డులోని ఫ్లూట్ టోనే రికార్డు కావాలంటే దారి వేరు. లైన్ అవుట్ నుంచి గానీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి గానీ ఆడియో ఇంటర్‌ఫేస్ (సౌండును కంప్యూటర్‌లోకి, బయటికి చేర్చే పెట్టె) లైన్ ఇన్‌పుట్‌కు కేబుల్ వేయాలి. కొన్ని మోడళ్లు యూఎస్‌బీ మీదుగా ఆడియో కూడా పంపుతాయి. కానీ అది మిడి కాదు, సాఫ్ట్‌వేర్‌లో విడిగా ఆడియో పరికరంగా కనిపిస్తుంది. మిడి బలమంతా రికార్డు చేశాక తెలుస్తుంది. తప్పుపడిన ఒక్క స్వరాన్నే దిద్దవచ్చు, టెంపో మార్చవచ్చు, పియానో తీసేసి వయొలిన్ పెట్టవచ్చు. మళ్లీ వాయించాల్సిన పని ఉండదు.

అపోహ: కీబోర్డు లైటు వెలిగిందంటే కేబుల్ బాగున్నట్టే.

వాస్తవం: లైటు వెలగడానికి కరెంటు చాలు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో నాలుగు వైర్లుంటాయి: రెండు కరెంటుకు, రెండు డేటాకు. చార్జింగ్ కోసమే చేసిన కొన్ని కేబుళ్లలో డేటా వైర్లు అసలు ఉండవు. లైటు వెలిగినా కంప్యూటర్‌కు కీబోర్డు కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. తర్వాత హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చీల్చే పెట్టె) ఉంటే తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకే కలపండి. కరెంటు సరిపోని హబ్‌తో కీబోర్డు వాయిస్తుండగానే మాయమై మళ్లీ వస్తుంటుంది.

కీబోర్డు వెనక ఏ పోర్టు వాడుతున్నారో కూడా చూసుకోండి. చదరంగా ఉండే బి రకం పోర్టు, చాలాసార్లు 'టు హోస్ట్' అని రాసి ఉంటుంది, అదే కంప్యూటర్‌కు. 'టు డివైస్' అని ఉండే బల్లపరుపు పోర్టు పెన్‌డ్రైవ్‌కు. కంప్యూటర్ గుర్తించిందో లేదో తేల్చుకోవడానికి విండోస్‌లో డివైస్ మేనేజర్, మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ తెరవండి. అక్కడ పేరు లేకపోతే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా దొరకదు.

అపోహ: డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేయకపోతే ఏ కీబోర్డూ పనిచేయదు.

వాస్తవం: 'క్లాస్ కంప్లయంట్' అని ఉన్న వాటికి అక్కర్లేదు, కంప్యూటర్‌లో ముందే ఉన్న డ్రైవర్ చాలు. ఇప్పటి కంట్రోలర్లలో (సొంత సౌండు లేని మిడి కీబోర్డుల్లో) ఎక్కువ భాగం అవే. కొన్ని కీబోర్డుల మెనూలో 'జెనరిక్' (కంప్యూటర్‌లోని డ్రైవర్‌తో), 'ఒరిజినల్' (కంపెనీ డ్రైవర్‌తో) వంటి పేర్లతో రెండు మోడ్‌లు ఉంటాయి. కంపెనీ డ్రైవర్ మోడ్‌లో ఉండి, ఆ డ్రైవర్ కంప్యూటర్‌లో లేకపోతే గుర్తింపు ఆగిపోతుంది.

అపోహ: ఐదు పిన్నుల (యూఎస్‌బీ కాని) మిడి కేబుల్‌ను 'ఇన్'కు ఇన్, 'అవుట్'కు అవుట్ కలపాలి.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. కీబోర్డు మిడి అవుట్ నుంచి బయల్దేరిన సమాచారం ఇంటర్‌ఫేస్ మిడి ఇన్‌లోకి చేరాలి. యూఎస్‌బీ-మిడి కేబుళ్ల దగ్గర గందరగోళం ఎక్కువ. కొన్నింటి మీద 'ఇన్' అంటే కంప్యూటర్‌లోకి వెళ్లేది అని అర్థం, దాన్ని కీబోర్డు అవుట్‌లో పెట్టాలి. మరికొన్నింటి మీద 'ఇన్' అంటే కీబోర్డు ఇన్‌లో పెట్టేది అని. పనిచేయకపోతే రెండు ప్లగ్గులూ అటూఇటూ మార్చి చూడండి. అలా మార్చినందువల్ల ఏమీ కాలిపోదు, ఎందుకంటే మిడి ఇన్ దగ్గర ఆప్టోకప్లర్ అనే భాగం ఉంటుంది. అక్కడ రెండు పరికరాల మధ్య సంకేతం వెలుతురు రూపంలోనే దాటుతుంది. కేబుల్ పొడవు 15 మీటర్లు మించకూడదు.

కేబుల్ ఖరీదైనదైతే సౌండు మధురంగా ఉంటుందన్న మాట కూడా వినిపిస్తుంటుంది. బైట్లు చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. మధ్యలో మాధుర్యానికి చోటు లేదు.

అపోహ: కీ నొక్కిన కాసేపటికి సౌండు వస్తోందంటే కీబోర్డు నెమ్మదైనది.

వాస్తవం: ఈ నమ్మకంతోనే చాలామంది బాగున్న కీబోర్డును పక్కన పెట్టి ఇంకోటి కొంటారు. లెక్క చూడండి. ఐదు పిన్నుల మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్కో బైట్‌కు 10 బిట్లు పడతాయి కాబట్టి మూడు బైట్లకు 30 బిట్లు. ఒక స్వరం చేరడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యం జరిగేది ఆడియో బయటికి వచ్చే వైపు, బఫర్ దగ్గర, అంటే కంప్యూటర్ సౌండును కొద్దికొద్దిగా పోగేసి పంపే చోట. శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని సౌండు ముక్కలో, అంటే శాంపిళ్లో) 44,100 ఉన్నప్పుడు బఫర్ 128 శాంపిళ్లయితే 2.9 మిల్లీసెకన్లు, 256కు 5.8, 512కు 11.6, 1024కు 23 పైచిలుకు. దీనికి డ్రైవర్ ఆలస్యం తోడవుతుంది.

విండోస్‌లో ముందుగా ఆడియో సెట్టింగ్స్‌లో డ్రైవర్ రకం 'ఏఎస్ఐఓ'కు (ఆలస్యం తక్కువగా ఉండే ఆడియో డ్రైవర్) మార్చండి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని సొంత ఏఎస్ఐఓ డ్రైవర్, లేకపోతే ఏఎస్ఐఓ4ఆల్ అనే డ్రైవర్. మ్యాక్‌లో అలాంటి పని చేసే కోర్ ఆడియో ముందే ఉంటుంది కాబట్టి బఫర్ తగ్గిస్తే చాలు. వాయించి రికార్డు చేసేటప్పుడు 128 పెట్టండి. చిటపటలు వినిపిస్తే 256కు పెంచండి, అప్పటికే పూర్తయిన ట్రాకులను ఫ్రీజ్ చేయండి (తాత్కాలికంగా ఆడియోగా మార్చి కంప్యూటర్‌పై భారం తగ్గించడం). మిక్సింగ్‌లో 1024 పెట్టినా ఇబ్బంది లేదు.

బఫర్ తగ్గించినా ఆలస్యం పోలేదా? మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద ఉన్న ప్లగిన్లు, అంటే సౌండును మార్చే చిన్న ప్రోగ్రాంలు చూడండి. లుక్అహెడ్ లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ లాంటివి రాబోయే సౌండును ముందే చూసి పనిచేస్తాయి, అందుకే ఆలస్యం చేయక తప్పదు. వాయించేటప్పుడు వాటిని బైపాస్ చేయండి (పనిచేయకుండా ఆపండి). చివరిగా, బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. చాలావాటిలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. వాటితో తాళానికి సరిగ్గా వాయించడం ఎవరి తరమూ కాదు. వైరున్న హెడ్‌ఫోన్లే వాడండి.

అపోహ: కంప్యూటర్ గుర్తించింది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే మోగుతుంది.

వాస్తవం: కొన్నింటిలో మోగుతుంది, చాలావాటిలో మూడు పనులు చేయాలి. ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్‌గా కీబోర్డును ఆన్ చేయడం. ఆడియో ట్రాక్ కాకుండా ఇన్‌స్ట్రుమెంట్ ట్రాక్ తెరిచి వాయిద్యం లోడ్ చేయడం. ఆ ట్రాక్‌ను రికార్డుకు ఆర్మ్ చేయడం, అంటే సిద్ధంగా ఉంచడం. ఇన్‌పుట్ ఛానల్ 'ఆల్'లో ఉంచండి. వాయిస్తుంటే మిడి మీటర్ కదులుతూ సౌండు రాకపోతే కేబుల్ జోలికి పోవద్దు. లోపం వాయిద్యంలోనో ఆడియో అవుట్‌పుట్‌లోనో ఉంది. మీటరే కదలకపోతే ఇన్‌పుట్ వైపు వెతకండి. విండోస్ పాత వెర్షన్లలో చాలా పరికరాల మిడి పోర్టును ఒకసారి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. వెనక ఇంకో మ్యూజిక్ ప్రోగ్రాం తెరిచి ఉంటే మూసేయండి. సాఫ్ట్‌వేర్ తెరిచాక కీబోర్డు తగిలించి ఉంటే, సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి మూసి తెరవండి.

అపోహ: ఒక్కో స్వరం రెండుసార్లు మోగడం, పెడల్ తలకిందులుగా పనిచేయడం హార్డ్‌వేర్ లోపాలు.

వాస్తవం: రెండూ సెట్టింగులే. సొంత సౌండున్న కీబోర్డులో కీ నొక్కగానే లోపలి టోన్ మోగుతుంది. సాఫ్ట్‌వేర్ అదే స్వరాన్ని తిరిగి కీబోర్డుకు పంపితే మరోసారి మోగుతుంది. కీబోర్డు మెనూలో 'లోకల్ కంట్రోల్' (కీలను లోపలి టోన్‌కు నేరుగా కలిపే సెట్టింగు) ఆఫ్ చేయండి. కంప్యూటర్ లేకుండా వాయించేటప్పుడు మళ్లీ ఆన్ చేయాలి, లేకపోతే కీబోర్డు మూగబోతుంది.

పెడల్ విషయానికొస్తే, చాలా కీబోర్డులు స్విచ్ ఆన్ అయిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి, దాన్నే 'వదిలిన' స్థితిగా తీసుకుంటాయి. అందుకని ముందు పెడల్ తగిలించి, కాలు దాని మీద పెట్టకుండా, ఆ తర్వాతే ఆన్ చేయాలి. పెడల్ సమాచారం 64వ నంబరు కంట్రోల్ సందేశంగా వెళ్తుంది: అందులోని విలువ 63 దాకా అయితే వదిలినట్టు, 64 నుంచి తొక్కినట్టు. పెడల్ తొక్కి ఉండగా కేబుల్ ఊడితే 'వదిలాను' అన్న సమాచారం కంప్యూటర్‌కు చేరదు, స్వరం మోగుతూనే ఉంటుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 'ప్యానిక్' లేదా 'ఆల్ నోట్స్ ఆఫ్' నొక్కండి. అయినా ఆగకపోతే కేబుల్ తిరిగి పెట్టి పెడల్‌ను ఒకసారి తొక్కి వదలండి.